హవానాలో చైనా పాట, సింధనూరు క్యాంపులో మన పద్యం

పోయిన నెల ఈ శీర్షికలో ఒక డాక్యుమెంటరీ గురించి రాశాను. క్యూబా రాజధాని హవానాలో చైనా సంగీత నాటకాలు ఆడిన ఇద్దరు ఆడవాళ్ళ కథ అది. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించాడు. చూస్తున్నంతసేపూ నాకు మా నాన్నగారే గుర్తొచ్చారని, ఆయన పగలు గుంటూరులో ఒక పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేస్తూ, రాత్రిళ్ళు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారని రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నలభై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినా ఇంతమంది ఇన్ని ప్రశ్నలు ఎప్పుడూ అడగలేదు. అన్నిటికీ చోటు చాలదు కనుక కొన్ని తీసుకున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, క్యూబా ఎక్కడ, చైనా ఎక్కడ? ఆ నాటకం అంత దూరం ఎలా వెళ్ళింది? సినిమా పేరు కూడా మీరు రాయలేదు.
— డిగ్రీ విద్యార్థిని, పటమట, విజయవాడ

పేరు రాయకపోవడం నా తప్పేనమ్మా. 'హవానా దివాస్' దాని పేరు. 2018లో వచ్చింది. తీసినావిడ హాంకాంగ్ దర్శకురాలు లూయీసా వెయ్.

ఆ నాటకం అంత దూరం వెళ్ళడానికి మూలం చెరకు. క్యూబాలో చెరకు తోటలు ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల చాకిరీ మీద నడిచేవి. బానిసల్ని తేవడం కష్టమవుతున్న రోజుల్లో తోటల యజమానులు చైనా కూలీల మీద పడ్డారు. 1847లో మొదటి ఓడ హవానా చేరింది. అక్కడి నుంచి 1874 దాకా సుమారు 1,25,000 మందిని తీసుకెళ్ళారు. దాదాపు అందరూ మగవాళ్ళే. ఎక్కువమంది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం వాళ్ళు. ఎనిమిదేళ్ళ ఒప్పందం, నెలకు నాలుగు పెసోల జీతం. కాగితం మీద కూలీ అని ఉండేది గానీ తోటలో వాళ్ళ బతుకు బానిస బతుకే. మన కోరంగి రేవులో, మద్రాసులో ఓడలెక్కి మారిషస్‌కీ, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కీ, ఫిజీకీ వెళ్ళిన తెలుగువాళ్ళ సంగతి నువ్వు చరిత్ర పాఠంలో చదివే ఉంటావు. అదీ ఇలాంటిదే. అక్కడా తీసుకెళ్ళింది చెరకే.

ఒప్పందం తీరినవాళ్ళు పట్నానికి వచ్చి లాండ్రీలు, కూరగాయల కొట్లు, చిన్న హోటళ్ళు పెట్టుకున్నారు. హవానాలో చైనా పేట అలా పుట్టింది. దాన్ని 'బార్రియో చీనో' అంటారు. ఆ తర్వాత కూడా బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. అలా 1920ల్లో వచ్చినాయన ఫాంగ్ బియు. ఆయనకు నాటకమంటే ప్రాణం. ఇంట్లోవాళ్ళు స్టేజీ ఎక్కడానికి వీల్లేదన్నారు. నాటకాలాడే కుర్రాడికి పిల్లనివ్వమనే మాట మన ఊళ్ళల్లోనూ విన్నాం కదా, ఆ బాధ మనకు తెలిసిందే. ఆయన సముద్రం దాటి హవానా వచ్చేశాడు. అక్కడ కరిదాద్ అమరాన్ అనే చిన్నపిల్లకు పెంపుడు తండ్రి అయ్యాడు. ఆ పిల్ల చైనావాళ్ళకు పుట్టిన పిల్ల కాదు. తన గొంతులో ఉన్న పాటను ఆయన ఆ పిల్ల గొంతులో పెట్టాడు. 1940ల్లో ఆ అమ్మాయి ఒక నాటక సమాజానికి ప్రధాన నటి అయి, క్యూబాలో చైనావాళ్ళున్న ఊళ్ళు తిరిగి ఆడింది.

రెండో ఆవిడ జార్జినా వాంగ్. వాళ్ళ నాన్న చైనా పేటలో పేరున్న దర్జీ. కూతురికి కుంగ్‌ఫూ, సింహం ఆట నేర్పి, నాటకాల్లోకి వెళ్ళమని తనే ప్రోత్సహించాడు. జార్జినా కాలేజీ చదువు కోసం నాటకం మానుకుంది. 1959 విప్లవంతో ఆ చదువూ మధ్యలో ఆగింది. చివరికి దౌత్యవేత్త అయింది. ఇద్దరూ ఉద్యోగాలు చేసి రిటైరై, అరవై దాటాక మళ్ళీ రంగు వేసుకుని పాడాలనుకున్నారు. వేదిక దొరుకుతుందా, వినేవాళ్ళు మిగిలారా అనేదే ఆ సినిమా.

ప్రశ్న: పద్యనాటకాన్ని ఆపెరాతో పోల్చారు. ఆపెరా ఇటలీ వాళ్ళది. మన నాటకానికి పరాయి పేరు ఎందుకు? మన సంప్రదాయం కల్తీ లేనిది. దాన్ని అలాగే ఉంచాలి.
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

పేరు నచ్చకపోతే వదిలేద్దాం సార్. చైనావాళ్ళకూ తమ నాటకానికి తమ భాషలో వేరే పేరుంది. ఆపెరా అన్నది బయటివాళ్ళు అర్థం చేసుకోవడానికి వాడే మాట. కథంతా పాటలోనే నడవడం, ముఖం మీది రంగును బట్టే మనిషి గుణం తెలిసిపోవడం, వాళ్ళకీ మనకీ కలిసిన చోట్లు. వాళ్ళకు ఎర్ర ముఖం నమ్మకస్తుడిది, తెల్ల ముఖం కపటిది. మన ప్రేక్షకుడికి కిరీటం చూడగానే దుర్యోధనుడెవరో, ధర్మరాజెవరో తెలిసినట్టే అక్కడివాళ్ళకూ తెలిసిపోతుంది.

'కల్తీ లేనిది' అన్న మాట దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. కోప్పడకుండా వినండి.

మా ఇంట్లో నాన్నగారి హార్మోనియం పెట్టె ఇప్పటికీ ఉంది. పక్కల చెక్క నల్లబడింది. వెనక తిత్తికి తోలు చిరిగితే ఆయనే ఒక పాత చెప్పు తోలు కత్తిరించి అతికించారు. ఆ అతుకు మీద వేలు పెడితే ఇప్పటికీ గరుకుగా తగులుతుంది. మధ్య స్థాయిలో రెండు తెల్ల మెట్లు ఆయన వేళ్ళకే అరిగి గుంటపడ్డాయి. పెట్టె తెరిస్తే తమలపాకు, కర్పూరం కలిసిన వాసన వస్తుంది. అంతకంటే తెలుగు వస్తువు మా ఇంట్లో లేదని చిన్నప్పుడు అనుకునేదాన్ని. హార్మోనియం పుట్టింది పారిస్‌లో. 1842లో డెబాఁ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. కాళ్ళతో తొక్కే ఆ వాద్యాన్ని నేలమీద కూర్చుని చేత్తో వాయించే పెట్టెగా 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తయారుచేశాడు. అది పార్శీ నాటక కంపెనీల వెంట, ధార్వాడ నాటక సమాజాల వెంట ఊళ్ళు తిరిగింది. 1880 ప్రాంతంలో ధార్వాడ వాళ్ళు మన ఊళ్ళకు వచ్చి ఆడిన నాటకాలు చూశాకే మనవాళ్ళు మనమూ ఇలా ఆడదామని లేచారు. రేడియో వాళ్ళు హార్మోనియం పరాయి వాద్యమని 1940 నుంచి 1971 దాకా నిషేధించారు. ఆ ముప్పై ఏళ్ళూ మన పల్లెల్లో ఆ పెట్టె లేకుండా ఒక్క కృష్ణుడు రాయబారానికి వెళ్ళలేదు.

పద్యం బాగుంటే పందిట్లోంచి లేచే మాట కూడా 'వన్స్‌మోర్' అనే కదండీ. అక్షరం ముక్క రాని మా అమ్మమ్మ కూడా అదే అరిచేది.

కాంటనీస్ నాటకం వాళ్ళు, అంటే హవానాలో ఆడిన ఆ గ్వాంగ్‌డాంగ్ నాటకం వాళ్ళు, 1920, 30ల్లో వయొలిన్, శాక్సఫోన్ తెచ్చి తమ వాద్యాల పక్కన కూర్చోబెట్టారు. 2009లో యునెస్కో ఆ నాటకాన్ని మానవాళి వారసత్వ సంపదల్లో చేర్చింది. శాక్సఫోన్ ఉందని పక్కన పెట్టలేదు.

ప్రశ్న: మా మనవడు డాలస్‌లో పుట్టాడు. వాడికి ఏడేళ్ళు. వీడియో కాల్‌లో నేను హరిశ్చంద్ర పద్యాలు నేర్పుతున్నాను. రాగం బాగా పట్టుకున్నాడు కానీ అర్థం ఒక్క ముక్క తెలీదు. 'చిలకపలుకులు నేర్పితే ఏం లాభమమ్మా' అంటున్నాడు మా అబ్బాయి. మానేయమంటారా?
— గృహిణి, ఏలూరు రోడ్డు, విజయవాడ

మానకండమ్మా. మీకు నా కళ్ళారా చూసిన సంగతి చెబుతాను.

తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయ్యాక మన గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు ఇక్కడ ఎకరం అమ్మి అక్కడ నాలుగైదు ఎకరాలు కొనుక్కుని కర్ణాటక వెళ్ళిపోయారు. గంగావతి, సింధనూరు వైపు వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటారు. మా మేనత్తగారిది సింధనూరు దగ్గర ఒక క్యాంపు. శ్రీరామనవమికి అక్కడ పందిరి వేసి హరిశ్చంద్ర ఆడేవాళ్ళు. ముఖ్యపాత్రలకు ఇక్కడి నుంచి ఆర్టిస్టుల్ని మాట్లాడి పిలిపించేవాళ్ళు. హార్మోనియం మా నాన్నది. 1973లో నాకు పదకొండేళ్ళు. నన్నూ తీసుకెళ్ళారు. గుంతకల్లు దాకా మీటర్‌గేజి రైలు, బళ్ళారి మీదుగా బస్సులు. హార్మోనియం పెట్టె దుప్పట్లో చుట్టి దారి పొడుగునా నాన్న ఒళ్ళోనే పెట్టుకున్నారు.

తీరా వెళ్ళాక లోహితాస్యుడు వేసే పిల్లవాడికి ఒళ్ళంతా ఆటలమ్మ. నాటకం కుదిర్చిన కాంట్రాక్టరు గారికి ఒకటే టెన్షన్. మర్నాడే నాటకం. అప్పుడు క్యాంపు దగ్గర సైకిలు షాపు పెట్టుకున్న కన్నడాయన కొడుకు, పదమూడేళ్ళుంటాయేమో, వచ్చి నిలబడ్డాడు. 'ననగె బరుత్తదె' అన్నాడు. నాకు వచ్చు అని. మూడేళ్ళుగా రిహార్సళ్ళ దగ్గర తచ్చాడుతూ విన్నాడట. చంకలో ఒక నోటుబుక్కు. తీసి చూస్తే పద్యాలన్నీ కన్నడ లిపిలో రాసుకున్నాడు. ఆ పుస్తకం నా చేతికిచ్చాడు. నాకు కన్నడం రాదు. అయినా సగం అక్షరాలు చదవగలిగాను. తలకట్టు కాస్త వేరుగా ఉంది, 'క' మన 'క' లాగా లేదు, 'గ' మాత్రం అచ్చం మనదే. కింద పెన్సిలుతో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గీతలు పెట్టుకున్నాడు. అది చూసి మా నాన్న ముఖం మారిపోయింది.

పక్కన కూర్చున్న ఒకాయన, 'తెలుగు రాని పిల్లాడితో పద్యం పాడిస్తామా' అన్నాడు. మా నాన్న ఏం మాట్లాడలేదు. శృతి పట్టారు. వాడు ఎత్తుకున్నాడు. రెండు పద్యాలు పాడాక నాన్న తిత్తి ఆపి, 'వాడి శృతి చూశారా' అని మాత్రం అన్నారు.

ఆ రాత్రి పాము కాటు సీనులో వాడు పడిపోతే, ముందు వరసలో చాప మీద కూర్చున్న వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడకు తెలుగు రాదు. మర్నాడు పొద్దున్నే వాడు మా మేనత్త ఇంటి అరుగు మీదికి వచ్చి, మా నాన్న పక్కన కూర్చుని ఒక్కో మాటకూ అర్థం అడిగి ఆ నోటుబుక్కులో రాసుకున్నాడు. పద్యం వచ్చిన మూడేళ్ళకు అర్థం వచ్చింది. వచ్చాక మర్చిపోతాడా?

మీకు మేలట్టూరు పేరు తెలుసో లేదో. తంజావూరు దగ్గర ఊరు. విజయనగరం పతనమయ్యాక తెలుగు దేశం నుంచి వెళ్ళిన కుటుంబాలకు తంజావూరు అచ్యుతప్ప నాయకుడు ఇళ్ళూ భూములూ ఇచ్చి నిలబెట్టిన ఊరది. అక్కడ ఇప్పటికీ నృసింహ జయంతికి ప్రహ్లాద చరిత్ర ఆడతారు. గుడి ముందు రాత్రంతా, తెలుగులో. వేసేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో మాట్లాడేది తమిళం. కూర్చున్నవాళ్ళదీ తమిళమే. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ తెలుగు అక్కడ బతికే ఉంది. మన కూచిపూడి భాగవతులకు వాళ్ళు దూరపు చుట్టాల లాంటివాళ్ళు.

కాబట్టి మీ అబ్బాయితో గొడవ పడకుండా ఒక పని చేయండి. పద్యానికి ముందు కథ చెప్పండి, వాడికి వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పండి, తప్పులేదు. అప్పు తీర్చడానికి భార్యనూ కొడుకునూ అమ్ముకున్న రాజని చెప్పండి. ఏడేళ్ళ పిల్లాడు కచ్చితంగా 'ఎందుకు' అని అడుగుతాడు. ఆ తర్వాత వారానికి ఒక పాదం చాలు. 'ళ', 'ణ' పలకడం రాకపోతే మందలించకండి. నాలుక మడత పెట్టించి పది రోజులు 'కళ్ళు', 'పళ్ళు', 'బాణం' అనిపించండి. మిగతాది దానంతట అదే వస్తుంది.

ప్రశ్న: సురభి నాటక కుటుంబాలు అసలు తెలుగువాళ్ళు కారట, నిజమేనా?
— పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే కుటుంబాలు వాళ్ళవి. పూర్వీకులు మహారాష్ట్ర నుంచి వచ్చి తోలుబొమ్మలు ఆడించేవాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి వేడుకలో బొమ్మలు పక్కన పెట్టి మనుషులే కీచకవధ ఆడారు. వనారస గోవిందరావు గారు సమాజాన్ని నిలబెట్టారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయడం తెలుగు స్టేజీకి వాళ్ళ దగ్గర అలవాటైంది. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ స్టేజీ మీదే పెంచి, నూటనలభై ఏళ్ళుగా తెలుగు పద్యం పాడుతున్నవాళ్ళను 'తెలుగువాళ్ళు కారు' అనడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: హరిశ్చంద్ర వేస్తాను. ముప్పై ఏళ్ళుగా కాటి సీనులో జాషువా గారి పద్యాలు పాడుతున్నాను. ఈ మధ్య ఒక చోట నిర్వాహకులు, 'మూలంలో లేని పద్యాలు వద్దు, బలిజేపల్లి వారివే పాడండి' అన్నారు. ఆ రోజు పాడకుండానే దిగొచ్చాను. మీ అభిప్రాయం చెప్పండి.
— పద్యనాటక కళాకారుడు, గుంటూరు జిల్లా

అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాడకుండా దిగొచ్చానని మీరు రాసిన వాక్యం దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు మన జిల్లా మనిషి. గుంటూరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. 1912లో ఆయన రాసిన సత్యహరిశ్చంద్రీయం నూరేళ్ళు దాటి ఆడుతోంది. గుర్రం జాషువా గారూ మన జిల్లా మనిషే. 1895లో వినుకొండలో పుట్టారు. అంటరానివాడని అడుగడుగునా అవమానించిన ఊళ్ళల్లోనే పెరిగి, పద్యాన్ని పట్టుకుని నిలబడ్డారు. ఆయన 'శ్మశానవాటి' పద్యాలు నాటకం కోసం రాసినవి కావు. ఖండికగా రాశారు. వాటిని కాటి సీనులోకి తెచ్చింది నటులు. మీలాంటివాళ్ళు. వీరబాహుడి కొలువులో కాటికాపరిగా నిలబడ్డ రాజు నోట ఆ పద్యాలు పెడితే ఎలా ఉంటుందో వాళ్ళ గొంతుకు తెలిసింది. ప్రేక్షకులు ఒప్పుకున్నారు. ఏ కమిటీ తీర్మానం చేస్తే జరిగింది కాదది.

1970లో మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో రామాలయం ముందు హరిశ్చంద్ర ఆడారు. నాకు ఎనిమిదేళ్ళు. హార్మోనియం పక్కనే కూర్చోబెట్టుకున్నారు నాన్న. ఊళ్ళోవాళ్ళంతా పందిట్లో ఉన్నారు. మాలపల్లె నుంచి వచ్చినవాళ్ళు పందిరి బయట, కాలువ గట్టు మీద కూర్చున్నారు. వాళ్ళెందుకు అక్కడ కూర్చున్నారని అడగాలని కూడా నాకు అప్పుడు తోచలేదు, అది మామూలే అన్నట్టు చూశాను. కాటి సీను వచ్చింది. పెట్రోమాక్స్ లైటు ఒకటి తగ్గించారు. హరిశ్చంద్రుడు భుజాన గొంగళి, చేతిలో కర్రతో నిలబడి జాషువా గారి పద్యం ఎత్తుకున్నాడు. చివరి పాదంలో రాగం తీసి వదిలేసరికి మొదటి వన్స్‌మోర్ కాలువ గట్టు మీంచి వచ్చింది. తర్వాత పందిట్లోంచి. ఆయన మళ్ళీ పాడాడు. మళ్ళీ గట్టు మీంచే. మూడోసారి పాడుతుంటే గట్టు మీద జనం లేచి నిలబడి ఉన్నారు. చీకట్లో మనుషులు కనిపించలేదు, బీడీ నిప్పులు పైకి లేవడం కనిపించింది.

తెల్లవారుజామున బండి మీద ఇంటికి వస్తుంటే నాన్నను అడిగాను, వాళ్ళెందుకు అన్నిసార్లు పాడించారని. 'ఆ పద్యం వాళ్ళాయనది అమ్మా. ఆయన ఈ పందిట్లో కూర్చుంటానంటే మనవాళ్ళు ఎక్కడ కూర్చోమనేవాళ్ళో' అన్నారు. అప్పటికి జాషువా గారు బతికే ఉన్నారు. మరుసటి ఏడు, 1971 జూలైలో పోయారు.

పాండవోద్యోగ విజయాలు రాసిన జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు స్వయంగా జాషువా గారి కాలికి గండపెండేరం తొడిగారు. మూలం, సంప్రదాయం అని మాట్లాడేవాళ్ళకు చెళ్ళపిళ్ళ వారికంటే పెద్ద సంప్రదాయజ్ఞుడు దొరకడు.

క్యూబాలో చైనా తండ్రులు పాడిన పాటను కరిదాద్ నోట్లో వింటే అది ఆమె పాట కాదనగలమా? బలిజేపల్లి వారి రాజు నోట్లో జాషువా పద్యమూ అంతే. ఇంకోసారి ఎవరైనా వద్దంటే, నాటకానికి ముందు మీరే మైకు తీసుకుని చెప్పండి: 'నాటకం బలిజేపల్లి వారిది, కాటి సీనులో పద్యాలు జాషువా గారివి' అని. రెండు పేర్లూ వినిపించాలి. చాలాచోట్ల రెండో పేరు చెప్పకుండానే పాడేస్తున్నారు, నాకు అసలు కోపం దానిమీద. తర్వాత గొంతు విప్పి పాడండి.

ప్రశ్న: మా తాతగారికి 82 ఏళ్ళు. ఒకప్పుడు కృష్ణుడు, అర్జునుడు వేసేవారు. ఆయన మీద ఫోనుతోనే ఒక చిన్న డాక్యుమెంటరీ తీయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.
— ఇంజినీరింగ్ విద్యార్థి, మంగళగిరి

నాయనా, నీ ఉత్తరం చివరికి దాచుకున్నాను.

1986లో మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉండేది. నాన్న హార్మోనియం, ఆయన స్నేహితుడు పాడిన పడక సీను పద్యాలు, అరవై నిమిషాలు. మధ్యలో అమ్మ కాఫీ గ్లాసులు పెట్టిన చప్పుడు, నాన్న 'ఆగు, ఇంకో అరశృతి పెంచుదాం' అన్న మాట కూడా అందులో ఉన్నాయి. ఆ ఏడు వేసవి సెలవులకు వచ్చిన చుట్టాల కుర్రాడు దానిమీద సినిమా పాటలు ఎక్కించుకున్నాడు. వాడికి తెలీదు, వాడిని ఏమనను? నాన్న 1991లో పోయారు. ఆయన వాయింపు ఇప్పుడు ఎక్కడా లేదు. పెట్టె ఉంది, చేతులు లేవు.

కాబట్టి స్క్రిప్టూ, ఎడిటింగూ తర్వాత నేర్చుకుందువు గానీ ముందు గొంతు రికార్డు చెయ్. పొద్దున్నే, కాఫీ తాగాక, గొంతు తేటగా ఉన్నప్పుడు. ఫ్యాను ఆపెయ్, ఫ్రిజ్ స్విచ్ తీసెయ్, కిటికీలు మూసెయ్. ఫోను ఆయన ముఖానికి రెండడుగుల దూరంలో దిండు మీద పెట్టు. చేతిలో పట్టుకుంటే నీ వేళ్ళ చప్పుడు వస్తుంది. కాలర్ మైకు కొనగలిగితే మంచిదే, లేదని మాత్రం ఆగకు. పద్యం మధ్యలో మర్చిపోతే అందించకు. వాళ్ళంతట వాళ్ళు వెతుక్కుంటారు, ఆ వెతుక్కోవడం కూడా రికార్డు కావాలి.

'మీ అనుభవాలు చెప్పండి తాతయ్యా' అంటే పెద్దవాళ్ళు ఏమీ చెప్పలేరు. చిన్న చిన్నవి అడుగు. ముఖానికి వేసే రంగు, అర్దళం, ఎవరు రాసేవాళ్ళు? తెల్లారాక ఏ నూనెతో తీసేవాళ్ళు? ఒకే రాత్రి ఇద్దరు కృష్ణులుంటే ఏ సీను ఎవరిది? మొదటిసారి ఎంత ఇచ్చారు, ఆ డబ్బుతో ఏం కొన్నారు? ఏ ఊరు వెళ్తే ఎవరింట్లో భోజనం, ఎవరింట్లో పెట్టేవాళ్ళు కారు? పద్యం ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆయన ఎవరి దగ్గర? ఈ ఆఖరి ప్రశ్న తప్పక అడుగు. మూడు తరాలు వెనక్కి వెళ్ళేసరికి ఒక సాయిబుగారో, ఒక కన్నడాయనో, ఒక మరాఠీ హార్మోనిస్టో తగులుతాడు. అక్కడ నీ డాక్యుమెంటరీ అసలు కథ మొదలవుతుంది.

రికార్డు అయిన రోజే రెండు కాపీలు చెయ్. ఒకటి నీ దగ్గర, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర. ఫైలు పేరులో తాతగారి పేరు, తేదీ, ఏ పద్యమో తెలుగులో రాయి.

ఆయనకు శృతి కోసం హార్మోనియం కావాలంటే నీ ఫోన్ నంబరు రాసి ఈ పత్రిక చిరునామాకే ఉత్తరం పంపు. నాన్నగారి పెట్టె ఇస్తాను. తిత్తి కాస్త గాలి పోతుంది, ఎడమచేత్తో గట్టిగా వత్తాలి. బ్రాడీపేటలో మా ఇంటికి బస్సులో వస్తే, వెళ్ళేటప్పుడు మాత్రం ఆటోలో తీసుకెళ్ళు, కుదుపులకు రీడ్లు పోతాయి. ఒళ్ళో పెట్టుకో.